చుక్క పెట్టిన మాటలు

జూన్ 2

కుట్టినవి ఐదు. అట్టలు వేసిన పుస్తకాలు మూడు. జిగురు కాచాను. ఎండ. ఇంట్లో మామూలే.

జూన్ 4

కుట్టినవి రెండు. మధ్యాహ్నం నుంచి సెలవు. మా ఆవిడతో ఆస్పత్రికి వెళ్లాను.

తన పరీక్షల కాగితాలు వచ్చాయి. తనను వరండాలో బల్లమీద కూర్చోమని, డాక్టరుగారు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచారు. చిన్నవయసాయన. కాగితాలు చూస్తూ చాలాసేపు మాట్లాడారు. కడుపులో మొదలై కాలేయం దాకా వెళ్లిందన్నారు. కోసి తీసే దశ దాటిందన్నారు. చివరికి కళ్లద్దాలు తీసి, మెత్తగా, "ఇక మనం పాలియేటివ్ కేర్ వైపు వెళ్దామండీ" అన్నారు.

ఆ మాట నాకు తెలియదు. ఆయన గొంతు చూస్తే మంచి మాటే అనిపించింది.

"అలాగే డాక్టరుగారూ. అదే చేయండి. వెంటనే చేయండి" అన్నాను.

"అర్థమైంది కదా?"

"అర్థమైందండీ."

తెలియని మాట ఎదురైతే తలూపడం, ఇంటికొచ్చి నిఘంటువు తీయడం. ఇది నాకు కొత్త కాదు. బడి ఆరో తరగతితో ఆగిపోయినవాడికి మరో దారి లేదు.

బయటికి రాగానే తను అడిగింది. "ఏమన్నాడు?"

"మందు మారుస్తారట."

"అంతసేపూ మందు గురించేనా?"

"కొత్త మందు కదా. వివరంగా చెప్పారు."

ఇంటికొచ్చాం. తను పెరట్లో ముఖం కడుక్కుంటుండగా నిఘంటువు తీశాను. తన కుట్టుమిషను పక్కన, కత్తిరించే గుడ్డ జారిపోకుండా బరువుగా పెట్టి ఉంది.

పాలియేటివ్: వ్యాధిని నయము చేయక, బాధను మాత్రము తగ్గించునది.

పుస్తకం మూసి గుడ్డమీద ఎలా ఉందో అలాగే పెట్టాను. ఏ అంచుకు ఉన్నదాన్ని ఆ అంచుకే. తను ముఖం తుడుచుకుంటూ వచ్చి, "ఏమిటలా నిలబడ్డారు?" అంది. ఏమీ లేదన్నాను.

ఇంట్లో మామూలే.

జూన్ 5

కుట్టినవి నాలుగు. అట్టలు లేవు.

కాగితాలు ఇంట్లో ఉంచకూడదని లైబ్రరీలో నా బైండింగ్ గదికి తెచ్చేశాను. బీరువాలో, రెండు అట్టముక్కల మధ్య పెట్టి, పైన అట్టలకు అంటించే కాలికో గుడ్డ కప్పాను. డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆవిడకు చెప్పవద్దని బతిమాలాను. అడిగితే చెప్పక తప్పదన్నారు. అడగదని చెప్పాను.

అన్నీ జాగ్రత్తగానే చేశాను. ఆలోచించి చూస్తే ఎక్కడా ఏదీ వదల్లేదు.

జూన్ 9

కుట్టినవి నాలుగు. అట్టలు మూడు. హాల్లో ఉండే పెద్ద నిఘంటువు మళ్లీ మరమ్మతుకు వచ్చింది.

లైబ్రేరియన్ మేడమ్ దాన్ని రెండు చేతులతో మోసుకొచ్చి నా బల్లమీద పడుకోబెట్టారు. "బైండరుగారూ, దీని నడుం మళ్లీ పడిపోయింది. మిగతా పుస్తకాలను కనీసం చదువుతారు. దీన్నెవరూ చదవరు. వస్తారు, ఒక్క మాట పీక్కుంటారు, పోతారు."

వీపు విప్పితే ఎవరెవరు వచ్చిపోయారో తెలుస్తుంది. తిట్లున్న పేజీలు ఎప్పుడూ ముందే ఊడతాయి. దరఖాస్తుల్లో వాడే మాటల దగ్గర సిరా మరకలు. జబ్బుల పేర్లున్న చోట పేజీ అంచు నల్లబడి, చెమ్మకు ముడతలు పడి ఉంటుంది.

"ప్రేమకు ఇంగ్లీషులో ఏమంటారో ఆ పేజీ చూడండి, జిడ్డు కారుతోంది" అన్నారు మేడమ్. "అర్థం తెలియకనా వాళ్లు చూసేది?"

"తెలిసిన అర్థం అదేనా కాదా అని చూసుకోడానికేమోనండీ."

మేడమ్ నావైపు వింతగా చూశారు. "మీరు ఒక రోజులో ఇంత పొడుగు మాట మాట్లాడటం ఇదే మొదలు" అన్నారు. ఎవరో పెన్సిలుతో గీతలు గీశారని, రబ్బరు పెట్టి చెరిపేయమని చెప్పి వెళ్లారు.

చెరిపాను. కానీ గీసినవాణ్ణి తిట్టుకోలేకపోయాను. మా ఇంట్లో ఉన్నది ఈ లైబ్రరీ తీసిపారేసిన నిఘంటువే. నేను ఉద్యోగంలో చేరిన ఏడు, అట్ట లేకుండా చిత్తుకాగితాల్లో పడి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. నేను బైండు చేసిన మొదటి పుస్తకం అదే. అందులో ఏ మాట వెతికినా పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టడం నా అలవాటు. మళ్లీ వెతకాల్సి వస్తే ఇంకో చుక్క. మూడు చుక్కలున్నాయంటే నా బుర్ర ఎంత మొద్దో తెలిసిపోతుంది. ఇరవై ఆరేళ్లుగా ఎవరికీ చూపించని లెక్క అది.

జూన్ 14

కుట్టినవి ఐదు. అట్టలు ఐదు. కొత్త మాత్రలు పనిచేస్తున్నట్టే ఉన్నాయి. నొప్పి తగ్గిందంది. రెండు ముద్దలు ఎక్కువ తింది. నిఘంటువుల్లో అన్నీ సరిగ్గానే ఉంటాయని ఏముంది? పాత ముద్రణ. ఆ తర్వాత వైద్యం ఎంతో మారి ఉంటుంది.

జూన్ 20

కుట్టినవి మూడు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి మిషను దగ్గర గుడ్డల మూటలు లేవు. ఒప్పుకున్నవన్నీ కుట్టేసి, మొదలుపెట్టనివి తిరిగి ఇచ్చేసిందట. ఎదురింటావిడ వచ్చి "ఇదేం పని, నీ చేతి కుట్టు లేకపోతే నాకు ఒంటిమీద గుడ్డ నిలవదు" అని గొడవ పెట్టుకుందట.

"నేనేమన్నానో తెలుసా?" అంది తను. "నీ ఒళ్లు రెండు నెలలకోసారి మారుతోంది, దానికి దర్జీ కాదు, నిచ్చెన వేసుకుని కొలిచే మేస్త్రీ కావాలన్నాను."

నవ్వింది. నేనూ నవ్వాను.

విశ్రాంతి తీసుకోవాలని తనకే అనిపించడం మంచిదే. త్వరగా కోలుకుంటుంది.

జూన్ 23

కుట్టినవి నాలుగు. తను అలమర సర్దింది. గుండీలు, దారాలు వేరువేరు డబ్బాల్లో పోసి పైన పేర్లు రాసింది. నా చలికోటు ఏ అరలో ఉందో చూపించింది. ఇంత ఎండలో చలికోటు ఎందుకన్నాను. "ఎండ ఎల్లకాలం ఉంటుందా?" అంది.

ఓపిక వచ్చిందన్నమాట.

జూన్ 27

కుట్టినవి రెండు. వదినగారు వచ్చారు. తనకు అక్క. నాలుగు సంచులతో దిగి, గుమ్మంలోనే మొదలుపెట్టారు.

"ఏమే, ఇలా చిక్కిపోయావు? ఏం మరిదిగారూ, మా చెల్లెల్ని కూడా అట్టల మధ్య పెట్టి బిగించారా?"

తను లోపల పడుకున్నాక వదినగారిని పెరట్లోకి తీసుకెళ్లి ఉన్నది చెప్పాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"దానికి తెలుసా?"

"తెలియదు."

"చెప్పరా మరి?"

"భయపడుతుంది వదినగారూ."

"భయం దానికా, మీకా?" అన్నారు. "అది మా ఇంట్లో అందరికన్నా మొండిది. పన్ను పీకుతుంటే పట్టకారు సరిగ్గా పట్టుకోమని డాక్టరుకే చెప్పిన పిల్ల. నేను చెప్పేస్తాను."

వద్దని చేతులు పట్టుకున్నాను. ఆవిడ చేతులు విడిపించుకుని, "అయితే మీరే చెప్పండి. చెప్పాల్సినవాళ్లు చెప్పకపోతే అది తర్వాత మిమ్మల్ని క్షమించే వీలు కూడా ఉండదు" అన్నారు.

జూలై 3

కుట్టినవి నాలుగు. వదినగారు నాతో మాట్లాడటం లేదు. ఇంట్లో మామూలే.

జూలై 8

కుట్టినవి మూడు.

తను మంచం మీంచే పిలిచింది. "ఏవండీ, మీ నిఘంటువు వీపు విరిగింది. ఆకులు ఊడి ఒళ్లో పడుతున్నాయి. తీసుకెళ్లి కుట్టుకురండి."

"నీకెందుకది? గుడ్డలు కత్తిరించడం లేదుగా."

"ఉంటుంది పని" అంది. "మీరు బైండరు, మీ ఇంట్లో పుస్తకానికే వీపు లేకపోతే నలుగురూ నవ్వుతారు. త్వరగా కానివ్వండి, నెలలు పెట్టకండి."

వదినగారు అక్కడే ఉన్నారు. లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు.

జూలై 10

కుట్టినది ఒకటే.

రాసుకోకపోతే నిలవదు. వరసగా రాస్తాను.

పొద్దున అట్ట విప్పి, పాత దారం కోసి, ఫారాలు, అంటే మడిచిన ఆకుల కట్టలు, విడదీశాను. ఒక్కో ఫారం తీసి బొటనవేలితో మడత రుద్దుతుంటే పేజీ వెనకవైపు ఏదో తగిలింది. ఇసుక రేణువంత పొక్కు. దులిపితే పోలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు పట్టాను. చిల్లు. సూదితో గుచ్చిన చిల్లు.

పురుగు కొట్టిన చిల్లు గుండ్రంగా, నున్నగా ఉంటుంది, వరసగా చాలా ఆకులు దాటిపోతుంది. ఇది ఒక్క ఆకుకే ఉంది. సూది ముందువైపు నుంచి దిగింది కాబట్టి వెనకవైపు కాగితం లేచింది. ఇరవై ఆరేళ్లు సూది పట్టినవాణ్ణి, ఆ మాత్రం తెలుసు. ముందువైపు తిప్పి చూస్తే, చిల్లు సరిగ్గా నా పెన్సిలు చుక్క పక్కన ఉంది.

తర్వాతి చుక్క చూశాను. దాని పక్కనా చిల్లు. ఆ తర్వాతి దానికీ.

మధ్యాహ్నం అన్నానికి వెళ్లలేదు. అన్ని ఫారాలూ చూశాను. నా చుక్క ఉన్న మాటలు ఆరువందల పద్దెనిమిది. ఒక్కటీ వదల్లేదు. పెళ్లికి ముందు రెండేళ్లలో నేను పెట్టిన చుక్కల దగ్గర కూడా ఉన్నాయి. కొన్ని లావు సూదివి, పాతవి, చుట్టూ కాగితం పసుపు పచ్చబడింది. కొన్ని మిషను సూదివి, సన్నగా ఉన్నాయి. తను ఐదో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేది. నేను వెతికిన ప్రతి మాట దగ్గరికీ నా వెనకే వచ్చింది. నాకు తెలియదు.

నా చుక్క లేకుండా తన చిల్లు మాత్రమే ఉన్న మాటలు పదమూడు. అవి తన సొంతం.

పాలియేటివ్ ఉన్న పేజీ తీశాను. అక్కడ చుక్క ఉంది. నేను పెట్టిందే. జూన్ నాలుగున, ఆ అర్థం చదివిన చేత్తోనే, అలవాటుగా పెట్టేశాను. పెట్టినట్టు నాకే తెలియదు. కాగితాలు దాచాను. డాక్టరును బతిమాలాను. పుస్తకాన్ని అంచు తప్పకుండా పెట్టాను. లోపల చుక్క పెట్టి వదిలేశాను.

చుక్క పక్కన చిల్లులు నాలుగున్నాయి.

జూలై 11

కుట్టినవి లేవు. నిఘంటువు కుట్టు సగంలో ఉంది. ఈరోజు చెబుదామనుకున్నాను. వదినగారు గదిలోనే ఉన్నారు.

జూలై 12

నిద్రపోతోంది. లేపడం ఎందుకని.

జూలై 13

నిఘంటువుకు జిగురు పెట్టి ప్రెస్సులో బిగించాను. అది ఆరనీ.

జూలై 14

ఆరింది.

జూలై 15

సెలవు పెట్టాను. పొద్దున్నే వదినగారు కూరలకని సంచీ తీసుకుని బయల్దేరారు. గుమ్మం దాటుతూ నాకేసి చూసి, "రెండు గంటలు రాను" అన్నారు.

కొత్త బైండు వేసిన నిఘంటువు తన ఒళ్లో పెట్టాను. అట్ట తడిమింది. వీపు నొక్కి చూసింది. "కుట్టు బాగుంది. మీరూ దర్జీయే, నేనూ దర్జీయే" అంది, ఎప్పుడూ అనే మాటే.

"చిల్లులు చూశాను" అన్నాను.

కిటికీ వైపు చూసింది. తర్వాత నావైపు తిరిగి, "ఇరవై నాలుగేళ్లకా?" అంది. "ఇంతకాలం కుట్టు విప్పాల్సిన అవసరం రాకుండా అంత గట్టిగా కుట్టుకున్నారు. తప్పు మీదే."

"ఎందుకలా..."

"మీరు ఇంటికొచ్చి ఏం చెప్పేవారు? కుట్టినవి నాలుగు, అట్టలు మూడు. మనిషితో మాట్లాడారో, రోకలితో మాట్లాడారో తెలిసేది కాదు. ఆ రోజు మీ మనసులో ఏం తిరిగిందో చుక్క చూస్తే తెలిసేది. చూశానని గుర్తు ఉండాలిగా. నాకు పెన్సిలు ఎక్కడిది? సూది ఉంది."

నాకు చెప్పాలనుకున్న మాట ఉంది. నాలుగు రోజులుగా వాక్యం కూర్చుకుంటున్నాను. "జూన్ నాలుగున డాక్టరుగారు..." అని మొదలుపెట్టాను.

చెయ్యెత్తి ఆపింది.

"అది పి దగ్గరుంది. వరసలో రండి."

"ఏమిటి?"

"మొదటి చుక్క నుంచి చదవండి. ప్రతి దానికీ ఎందుకు పెట్టారో చెప్పండి. అర్థాలు నాకు తెలుసు. ఎందుకన్నదే తెలియదు. పుస్తకంలో అది రాయలేదు."

"అన్నీనా? ఆరువందల పద్దెనిమిది ఉన్నాయి."

"మీకేమన్నా వేరే పనుందా?"

"పి దాకా..." అని ఆగిపోయాను.

"వస్తే వస్తాం" అంది.

జూలై 16

మొదటి చుక్క: అబ్‌స్కాండ్. చెప్పకుండా పరారగుట.

నా పన్నెండో ఏట మా నాన్న పనిచేసే గోదాము నుంచి ఇంటికొక ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. అందులో ఆయన పేరు పక్కన ఈ మాట ఉంది. ఎవరినీ అడగలేదు. కాగితం దాచుకున్నాను. ఈ నిఘంటువు చేతికొచ్చేసరికి నాకు ఇరవై ఆరు. మొదట వెతికింది అదే.

"చనిపోయారని చెప్పారుగా పెళ్లప్పుడు?"

"అమ్మ అలా చెప్పమంది."

తను చాలాసేపు నా చెయ్యి పట్టుకుంది. "పద్నాలుగేళ్లు ఒక్క మాట జేబులో పెట్టుకు తిరిగారా?" అంది. "మీతో ఎలా వేగానో నేను."

ఈ సంగతి ఎవరికైనా చెప్పడం ఇదే మొదలు. చెప్పాక ఏమీ కాలేదు. పక్కింట్లో కుక్కర్ కూత వేసింది. అంతే.

జూలై 18

బి లోకి వచ్చాం. బ్యారెన్ దగ్గర ఆగాం. అక్కడి చిల్లు చిల్లు కాదు, పేజీ చిరిగి ఉంది. కుట్టేటప్పుడు పల్చటి కాగితం అతికించాను.

పెళ్లయిన ఆరో ఏట ఇంకో ఆస్పత్రిలో ఇంకో డాక్టరు అన్న మాట అది. అప్పుడూ నన్నొక్కణ్ణే పిలిచి అన్నాడు. అప్పుడూ తనకు చెప్పలేదు. ఆశ ఉందన్నారని చెప్పాను.

"మీ చుక్క చూసే తెలుసుకున్నాను" అంది. "కోపంతో సూది తిప్పాను. మాట మీద కోపం. డాక్టరు మీద. మీ మీద కూడా. మూడు రోజులు మీతో మాట్లాడలేదు, గుర్తుందా?"

గుర్తుంది. మిషను పాడైందన్న చిరాకు అనుకున్నాను. డైరీలో అలాగే రాసి ఉంటాను.

జూలై 22

ఎఫ్. ఫ్లర్ట్ దగ్గర పట్టుకుంది. "ఇదెక్కడిది?"

"బైండింగుకు వచ్చిన నవల అట్టమీద ఉంది."

"అట్టమీదేనా?"

"లోపల కూడా కొంచెం చదివాను."

"ఎంత కొంచెం?"

"రెండొందల పేజీలు."

నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. వదినగారు పరుగెత్తుకొచ్చి నీళ్లు పట్టి నన్ను కోప్పడ్డారు. నోరు తెరవని మనిషి ఇప్పుడే తెరవాలా అన్నారు. ఆ తర్వాత తలుపు పక్కన పీట వేసుకుని తనూ వినడానికి కూర్చున్నారు.

జూలై 26

లైబ్రరీకి వెళ్లి సెలవు పొడిగించుకున్నాను. ఇంట్లో ఏం చేస్తున్నారని మేడమ్ అడిగారు. నిఘంటువు చదువుతున్నామన్నాను. "ఏ మాట కోసం?" అన్నారు. మొదటి నుంచి అన్నాను. ఆవిడ నా సంచీ అందుకుని గేటు దాకా వచ్చారు.

జూలై 30

కె. రోజుకు ఇరవై చుక్కలు చదివేవాళ్లం. ఇప్పుడు పది. మధ్యలో కళ్లు మూసుకుంటుంది. ఆగితే, "వింటున్నాను" అంటుంది.

ఎల్, ఎమ్, ఎన్, ఓ. పి వచ్చేలోగా అరవై మూడు చుక్కలున్నాయి. లెక్క వేసుకుని మళ్లీ కొట్టేశాను.

ఆగస్టు 1

కొన్ని వదిలేద్దామా అన్నాను. ఒప్పుకోలేదు. "వదలకండి. నేనొక్కటైనా వదిలానా?"

వదినగారు వంటింట్లో పళ్లేలు గట్టిగా పెడుతున్నారు.

ఆగస్టు 3

తన సొంత మాటల్లో ఒకటి అడిగాను. స్టబర్న్. వరస తప్పితే తప్పింది, నవ్వుతుందేమోనని.

"నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే టీచరమ్మ ఒకావిడ తన స్నేహితురాలితో అంది నన్ను చూపించి. ఇంటికొచ్చి చూశాను. మొండి అట."

"కోపమొచ్చిందా?"

"లేదు. ఆవిడ చేతుల కొలత అర అంగుళం తగ్గించాను, అంతే. ఏడాదంతా చెయ్యెత్తి బోర్డుమీద రాయలేకపోయింది."

ఈ నాలుగు ముక్కలూ చెప్పడానికి చాలాసేపు పట్టింది.

ఆగస్టు 5

నొప్పికి మందు మోతాదు పెంచారు. ఎక్కువసేపు నిద్ర. మూడు చుక్కలు.

ఆగస్టు 8

పి.

పొద్దున మెలకువగా ఉంది. దిండు ఎత్తు పెట్టమంది. చదివాను. ప్యాక్. పేజ్. పెయిన్. ఆ తర్వాత ఆకు తిప్పాను. రెండు ఆకులు కలిసి తిరిగాయి. నేనే తిప్పాను.

తను కళ్లు మూసుకునే ఉంది. "బైండరు చేతికి రెండాకులు అంటుకోవడమేమిటి?" అంది.

వెనక్కి తిప్పాను. చదివాను. వ్యాధిని నయము చేయక, బాధను మాత్రము తగ్గించునది. గొంతు మిగతావాటికి ఎలా ఉందో అలాగే ఉంచాలని చూశాను.

"ఎందుకు పెట్టారు?"

చెప్పాను. కాగితాలు దాచింది, ఫోన్ చేసింది, మందు మార్చారన్నది, అన్నీ చెప్పాను. తర్వాత ఎవరికీ చెప్పనిది చెప్పాను. డాక్టరుగారు ఆ మాట అన్నప్పుడు నాకు అర్థం తెలియదు. అలాగే, వెంటనే చేయండి అన్నాను. సంతోషంగా అన్నాను. నీకు నయం చేయడం మానేయమని నా నోటితో నేనే చెప్పినట్టయింది. ఒక్క మాట తెలిసి ఉంటే నేను...

"తెలిసి ఉంటే ఏమనేవారు?"

నేను చుక్కమీద వేలు పెట్టాను.

"అలాగే డాక్టరుగారూ అనేవారు" అంది. "కాకపోతే ఏడుస్తూ అనేవారు. నవ్వుతూ అన్నారు కాబట్టి ఆ అబ్బాయికి కాస్త ధైర్యం వచ్చి ఉంటుంది."

నా చెయ్యి వెతుక్కుంది. అందించాను.

"నాలుగు చిల్లులెందుకు?" అని అడిగాను.

"మొదటిసారి నమ్మలేదు. రెండోసారి అక్షరాలు కూడబలుక్కోవడంలో తప్పు పోయానేమోనని చూశాను. మూడోసారి అక్క వచ్చిన రోజు. నాలుగోసారి..." ఊపిరి తీసుకుంది. "మీరు చెబుతారని చూసి చూసి, విసుగొచ్చి దాన్నే పలకరించి వచ్చాను. మీకన్నా అదే నయం. అడిగినప్పుడల్లా ఒకే మాట చెప్పింది."

పీట మీద వదినగారు లేరు. ఎప్పుడు లేచి వెళ్లారో చూడలేదు.

"నువ్వైనా అడగాల్సింది."

"అడిగితే అబద్ధం చెప్పేవారు. ఆ తర్వాత దాన్ని మోసేవారు. ఎందుకు?"

కాసేపటికి, "చదవండి, తర్వాతిది" అంది.

తర్వాతిది ప్యారాసోల్. ఎండకు వేసుకునే చిన్న గొడుగు. ఎందుకు పెట్టానో గుర్తు రాలేదు. అదే చెప్పాను. "ఒకటైనా ఊరికే పెట్టారన్నమాట" అంది.

ఆగస్టు 12

ఆర్. రెండు చుక్కలు. వింటున్నానంది.

ఆగస్టు 14

ఆర్. చదివాను. ఏమీ అనలేదు. అయినా ఎందుకు పెట్టానో ప్రతిదానికీ చెప్పాను.

ఆగస్టు 17

కుట్టినవి లేవు.

ఆగస్టు 18

సెప్టెంబరు 9

పనిలో చేరాను. కుట్టినవి రెండు. వదినగారు నిన్న వెళ్లారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి, చలికోటు ఏ అరలో ఉందో నాకు మళ్లీ చూపించారు. చెల్లెలు చెప్పి వెళ్లిందట. తెలుసన్నాను.

బీరువాలో అట్టల మధ్య కాగితాలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఎక్కడైనా పెట్టొచ్చు.

సెప్టెంబరు 15

కుట్టినవి నాలుగు. అట్టలు రెండు. ఇంట్లో

సెప్టెంబరు 22

కుట్టినవి మూడు.

మరణ ధ్రువపత్రం కోసం కార్యాలయానికి వెళ్లాను. ఒక ఫారం ఇచ్చారు. గుమస్తా నన్ను అడుగుతూ తనే నింపాడు. నా వివరాల దగ్గర ఒక గడిలో ఇంగ్లీషు మాట రాసి, "సంతకం పెట్టండి" అన్నాడు. విడోయర్. అర్థం ఏమై ఉంటుందో తెలుస్తూనే ఉంది. తలూపి సంతకం పెట్టాను.

ఇంటికొచ్చి నిఘంటువు తీశాను. తెలిసిన అర్థం అదేనా కాదా అని.

విడోయర్: భార్య చనిపోయినవాడు, విధురుడు.

విధురుడు. ఈ తెలుగు మాట ఇన్నేళ్లలో ఒక్కరి నోటా వినలేదు. మగవాడికి అలాంటి మాట ఒకటి ఉందనే ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

పెన్సిలుతో చుక్క పెట్టాను. ఈసారి తెలిసే పెట్టాను. ఆరువందల పందొమ్మిది. పుస్తకం మూసి కత్తిరింపు బల్లమీద, మిషను పక్కన, ఎప్పుడూ ఉండే అంచుకే పెట్టాను.

సెప్టెంబరు 23

కుట్టినవి ఐదు. పుస్తకం ముట్టుకోలేదు.

సెప్టెంబరు 24

కుట్టినవి నాలుగు. ముట్టుకోలేదు.

సెప్టెంబరు 25

కుట్టినవి నాలుగు. అట్టలు మూడు. జిగురు కాచాను. సాయంత్రం వానకు చలిగాలి మొదలైంది.

ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని పుస్తకం తెరిచాను. విడోయర్ ఉన్న పేజీ తీసి, వెనక్కి తిప్పి, చుక్క ఉన్న చోట పొక్కు కోసం వేలు పెట్టి తడిమాను.

నునుపుగా ఉంది.